ద్వారకానగర్‌లో ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పరీక్షకు ఆదివారం తరగతులు: ఆరు నెలలు కూర్చున్నాక

ఇన్ఫెక్షియస్ డిసీజెస్ (ఐ.డి.), అంటే సూక్ష్మజీవుల వల్ల వచ్చే వ్యాధుల స్పెషాలిటీ పరీక్షకు సిద్ధమయ్యే ఫిజీషియన్ల కోసం విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఆదివారాలు నడిచే ఒక శిక్షణా తరగతిలో నేను ఆరు నెలలు కూర్చున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా రాయవలసి ఉన్నందున, అవి నా ఒక్క బ్యాచ్ అనుభవానికి సంబంధించినవి కావడం వల్ల, ఆ కేంద్రం పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇంజినీరింగు, బ్యాంకు ఉద్యోగాల కోచింగుల బోర్డుల నడుమ మెట్లెక్కి రెండో అంతస్తుకు చేరుకునే నడివయసు డాక్టర్లను చూసి కింద జిరాక్స్ దుకాణం అబ్బాయి మొదట్లో పిల్లల అడ్మిషన్ కోసం వచ్చారనుకునేవాడు. తర్వాత అలవాటు పడ్డాడు.

నేను ఆంధ్ర వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ ఎం.డి. చేసి, కొన్నేళ్ళు ఇక్కడే ప్రాక్టీసు చేసి, ఆ తర్వాత చెన్నైలో నేషనల్ బోర్డు వారి రెండేళ్ళ ఫెలోషిప్‌లో చేరి, అది పూర్తి చేసుకుని తిరిగి వచ్చాను. మిగిలింది చివరి పరీక్ష. బ్యాచ్‌లో నాలాంటివారు మరో నలుగురు ఉండగా, మిగిలినవారిలో ఎక్కువమంది నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి, ఎం.డి. తర్వాతి డిగ్రీ అయిన డి.ఎం.లో చేరాలనుకుంటున్నవారు. వీరు గాక, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఐ.డి. ఫెలోషిప్ ముగిస్తున్న నా పాత సహాధ్యాయి ఒకరు ఆన్‌లైన్‌లో హాజరయ్యేవారు. మాకు ఆదివారం ఉదయం 9 గంటలకు తరగతి మొదలయ్యేటప్పటికి, చలికాలంలో ఆయనకు శనివారం రాత్రి పదిన్నర.

ఇంత భిన్నమైన లక్ష్యాలున్న మనుషులను ఒకే గదిలో కూర్చోబెట్టడమే ఈ శిక్షణలోని బలమూ బలహీనతా అని మొదటి నెలలోనే అర్థమైంది. నీట్ సూపర్ స్పెషాలిటీలో 150 ప్రశ్నలు ఉంటాయి, తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది, పైగా అది జనరల్ మెడిసిన్ మొత్తాన్ని పట్టి చూసే ప్రవేశపరీక్ష. మా ఫెలోషిప్ పరీక్షలో రాతతో పాటు ప్రాక్టికల్ ఉంటుంది. అమెరికా బోర్డు పరీక్ష ఒకే రోజులో, ఒక్కొక్కటి రెండు గంటల చొప్పున నాలుగు విడతలుగా, గరిష్ఠంగా 240 ప్రశ్నలతో సాగుతుంది. అందులో తప్పు జవాబుకు కోత లేదు. ఆ బోర్డును రాయాలంటే అక్కడి గుర్తింపు పొందిన ఫెలోషిప్ చేసి ఉండాలి కనుక మా గదిలో ఉన్నవారెవరికీ దానితో నేరుగా పని లేదు. అయినప్పటికీ కేంద్రం వారి ప్రశ్నల బ్యాంకు మొత్తం ఆ బోర్డు సరళిలోనే తయారైంది. దీనికి వారు చెప్పే కారణం సబబుగానే ఉంది. ఏ విభాగానికి ఎంత శాతం ప్రశ్నలో ఆ బోర్డు ముందే ప్రకటిస్తుంది, ఎక్కువ ప్రశ్నలు ఒక రోగి కథతో మొదలవుతాయి, ఇచ్చిన జవాబులన్నీ నమ్మదగినవిగానే కనిపిస్తాయి. ఆలోచనను పదును పెట్టుకోవడానికి అంతకన్నా మంచి నమూనా దొరకదని నిర్వాహకుల వాదన, నేనూ దాన్ని ఒప్పుకుంటాను.

కట్టిన రుసుముకు మూడు వస్తువులు ఇస్తారు: ఫోనులో తెరుచుకునే ప్రశ్నల బ్యాంకు, ఆదివారం మూడు గంటల తరగతి, నెలకొక మాక్ టెస్టు. వీటిలో తరగతి ఒక్కటే నూటికి నూరు పాళ్ళు డబ్బు విలువ చేస్తుంది.

తరగతి నడిపేది ప్రభుత్వ వైద్య సేవలో రిటైరైన ఒక మెడిసిన్ ప్రొఫెసరు గారు, ఆయనకు తోడుగా ఒక మైక్రోబయాలజిస్టు మేడమ్. పాఠం చెప్పరు. బోర్డు మీద ఒక కల్చర్ రిపోర్టును, అంటే రోగి నమూనాలో పెరిగిన సూక్ష్మజీవి పేరు, దాని మీద ఏ మందులు పనిచేస్తాయో చెప్పే ల్యాబు కాగితాన్ని, పెట్టి మౌనంగా నిలబడతారు. రెండో వారం పెట్టిన రిపోర్టు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. అనకాపల్లి వైపు వరి పొలాల్లో పనిచేసే 50 ఏళ్ళ రైతు, పదేళ్ళ నుంచి షుగరు, మూడు వారాల జ్వరం, స్కాన్‌లో ప్లీహం నిండా చిన్న చిన్న చీముగడ్డలు. రక్తం కల్చర్‌లో 'సూడోమొనాస్ జాతి' అని రాసి ఉంది. కింద మందుల వరుసలో జెంటామైసిన్ పనిచేయదు, కోలిస్టిన్ పనిచేయదు, అమాక్సిసిలిన్-క్లావులనేట్ పనిచేస్తుంది.

"ఈ కాగితంలో అబద్ధం ఎక్కడుంది, చెప్పండి డాక్టరు గారూ" అని ప్రొఫెసరు గారు నన్నే అడిగారు. నేను కోలిస్టిన్ దగ్గర వేలు పెట్టాను. "అది అనుమానం. అబద్ధం కాదు" అన్నారు. చివరికి మేడమ్ విప్పి చెప్పారు: మనకు తెలిసిన సూడోమొనాస్ ఏరుజినోసా మీద అమాక్సిసిలిన్-క్లావులనేట్ స్వభావరీత్యానే పనిచేయదు, కనుక అది పనిచేస్తుందని వచ్చి, పక్కనే జెంటామైసిన్, కోలిస్టిన్ రెండూ విఫలమైనట్టు ఉంటే, పైన రాసిన పేరే తప్పు అయి ఉండాలి, ఇది బర్ఖోల్డేరియా సూడోమాలియై, అంటే మెలియాయిడోసిస్. వానాకాలంలో తడిసిన మట్టి, షుగరు వ్యాధి, లోపలి అవయవాల్లో చీము అనే మూడింటిని కలిపి చూసినవారికి ఇది కల్చర్ రాకముందే తట్టాలి. మొదట కనీసం రెండు వారాలు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్, లోతైన చీముగడ్డలుంటే ఇంకా ఎక్కువ కాలం, ఆ తర్వాత తిరగబెట్టకుండా కనీసం మూడు నెలల పాటు కోట్రైమోక్సజోల్. ఈ వ్యాధిని మొదట వర్ణించింది 1912లో రంగూన్‌లో పనిచేసిన విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులని ప్రొఫెసరు గారు చెప్పి, ఒకప్పుడు మన తీరం నుంచి ఓడలెక్కి కూలికి వెళ్ళినవారి ఊరు అదేనని గుర్తుచేశారు. పరీక్షకు అక్కర్లేని ఆ ఒక్క మాట వల్లనే నాకు మిగిలినదంతా గుర్తుండిపోయింది. ఆ రోజు ముప్పావు గంట ఒకే కాగితం మీద గడిచింది. రోజూ పది కల్చర్ రిపోర్టుల మీద సంతకం పెట్టే నేను, రిపోర్టును పేరు చూసి కాకుండా మందుల వరుసను చూసి చదవడం ఆ ఉదయమే మొదలుపెట్టాను.

ఈ పద్ధతికి అసలైన పరీక్ష ప్రశ్నల భూగోళం దగ్గర ఎదురైంది. బ్యాంకులోని ఒక ప్రశ్నలో అరిజోనా రాష్ట్రంలో భవన నిర్మాణంలో పనిచేసే 34 ఏళ్ళ వ్యక్తికి మూడు వారాలుగా దగ్గు, కీళ్ళ నొప్పులు, కాళ్ళ మీద ఎర్రటి గడ్డలు, రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ఎక్కువ. గదిలో సగంమంది టి.బి. అన్నాం, ఇద్దరు సార్కాయిడోసిస్ అన్నారు. ఒహాయో మిత్రుడు మాత్రం అరిజోనా అన్న మాట వినగానే జవాబు చెప్పేశాడు. అక్కడి ఎడారి దుమ్ములో ఉండే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ అది. అంతటితో అయిపోలేదు. తర్వాత ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. సరైన జవాబు, ఇంత తేలికపాటి జబ్బు అయితే, ఇతర ప్రమాద కారణాలేవీ లేకపోతే, మందు ఏదీ ఇవ్వకుండా గమనిస్తూ ఉండటం. చీటీ మీద ఏదో ఒకటి రాయకపోతే రోగి మళ్ళీ మన గడప తొక్కడని నమ్మే ఊళ్ళో ప్రాక్టీసు చేసినవాళ్ళం కావడంతో, ఆ జవాబును పదకొండు మందిలో ఒక్కరం కూడా ఎంచుకోలేదు.

అదే మిత్రుడు మరుసటి వారం మా చేతిలో ఓడిపోయాడు. కార్బపెనెమ్ అనే బలమైన యాంటీబయాటిక్‌లకు లొంగని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా రక్తంలో పెరిగిన రోగికి సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ ఒక్కటే చాలునని అతడు జవాబిచ్చాడు. అమెరికాలో ఆ నిరోధకతకు ప్రధాన కారణమైన కె.పి.సి. ఎంజైమును అవిబాక్టమ్ అడ్డుకుంటుంది కనుక అక్కడ ఆ జవాబు ఎక్కువసార్లు సరిపోతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఎన్.డి.ఎం. ఎంజైమును అది అడ్డుకోలేదు. 2008లో, అంతకుముందు న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు వెళ్ళిన ఒక రోగిలో మొదటిసారి గుర్తించి, ఆ నగరం పేరే పెట్టిన ఎంజైము ఇది. అజ్‌ట్రియోనామ్ అనే మరో యాంటీబయాటిక్‌ను ఎన్.డి.ఎం. విచ్ఛిన్నం చేయలేదు గానీ, అదే బ్యాక్టీరియాలో ఉండే ఇతర ఎంజైములు చేస్తాయి. ఆ ఇతర ఎంజైములను అవిబాక్టమ్ ఆపుతుంది. అందుకే రెండు మందులనూ కలిపి ఇవ్వాలి. ఐ.సి.యు.లో మేము చేయి తిరిగిన అలవాటుతో చేసే పని వెనుక ఉన్న కారణాన్ని మేడమ్ బోర్డు మీద రెండు తాళాలు, రెండు తాళంచెవుల బొమ్మ గీసి చూపించినప్పుడు, ఇన్నాళ్ళూ కారణం తెలియకుండానే సరైన మందు రాశామని కొందరం సిగ్గుపడ్డాం. ప్రశ్నలో రోగి ఏ దేశంలో ఉన్నాడన్నది చూడకుండా జవాబు పెట్టకూడదన్న జాగ్రత్త రెండు వైపులవారికీ అబ్బింది.

ఇక లోపాల విషయానికి వస్తే, ప్రశ్నల బ్యాంకులోని జవాబుల కీ పాతబడింది. చిన్న పురుగు కాటు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం తీవ్రమై, ఊపిరి అందక ఐ.సి.యు.లో చేరిన రోగికి ఏ మందు ఇవ్వాలన్న ప్రశ్నకు డాక్సీసైక్లిన్ ఒక్కటే సరైనదని కీ చెబుతుంది. 2023లో మన దేశంలోని ఆసుపత్రుల్లోనే జరిగి వెలువడిన ఇంట్రెస్ట్ ట్రయల్, తీవ్రమైన జబ్బులో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండింటినీ రక్తనాళం ద్వారా కలిపి ఇస్తే, ఏ ఒక్కదానికన్నా మెరుగైన ఫలితం వస్తుందని చూపించింది. పాడేరు, అరకు వైపు నుంచి వానలు తగ్గాక వచ్చే జ్వరాలను చూసేవారికి ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. కీ తప్పని నేను యాప్‌లో రాసి పెట్టినదానికి ఏడు వారాల తర్వాత 'పరిశీలనలో ఉంది' అని సమాధానం వచ్చింది, ఇది రాస్తున్న రోజుకీ అది పరిశీలనలోనే ఉంది. ప్రొఫెసరు గారు మాత్రం తరగతిలో ఆ ప్రశ్నను తానే బయటికి తీసి, కీని బోర్డు మీదనే కొట్టివేసి, అంతకన్నా ముఖ్యమైనదంటూ ఒంటి మీద ఎస్చార్‌ను, అంటే పురుగు కుట్టిన చోటి మచ్చను, ఎక్కడ వెతకాలో చెప్పారు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుము చుట్టూ చీర ముడి పడే చోట ఆ నల్లటి పెచ్చు దాగి ఉంటుందని, నొప్పీ దురదా ఉండవు కనుక రోగి తానై చెప్పడని, బట్టలు తొలగించి చూడని డాక్టరుకు అది ఎప్పటికీ కనిపించదని ఆయన అన్నప్పుడు, మా బ్యాచ్‌లోని లేడీ డాక్టర్లు ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలూపారు.

ఇలాంటి పాత జవాబులు నా లెక్కకు వచ్చినవే మరి మూడు. కోలిస్టిన్‌కు 'సెన్సిటివ్' (మందుకు లొంగుతుంది) అనే వర్గాన్నే అమెరికా ప్రమాణాల సంస్థ సి.ఎల్.ఎస్.ఐ. 2020లో తొలగించినా, ఒక ప్రశ్న ఆ పదం మీదనే నిలబడి ఉంది. వాంకోమైసిన్ మోతాదును 2020 మార్గదర్శకాలు సూచించినట్టు 24 గంటల ఏ.యు.సి. (రోజంతటిలో రక్తంలో మందు మొత్తం ఎంత ఉందో చెప్పే లెక్క) 400 నుంచి 600 మధ్య ఉంచడానికి బదులు, తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఉండే కనిష్ఠ స్థాయిని, అంటే ట్రఫ్‌ను, బట్టి సరిచేయమని మరొకటి అడుగుతుంది. గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ నిర్ధారణకు 2023లో సవరించిన డ్యూక్ ప్రమాణాలు వచ్చాక కూడా పాత ప్రమాణాలతోనే లెక్క కట్టించే ప్రశ్న ఇంకొకటి. సిలబస్ ఇంత వేగంగా మారే స్పెషాలిటీలో ప్రశ్నల బ్యాంకును అమ్మేవారు ప్రతి ప్రశ్న కింద అది చివరిసారిగా సవరించిన నెల, సంవత్సరం ముద్రించాలి. పాల ప్యాకెట్టు మీద ఉండే తేదీ పాటి జాగ్రత్త అది.

కాలం కేటాయింపు కూడా సరిగా లేదు. అమెరికా బోర్డు ప్రకటించిన ప్రణాళికలో బ్యాక్టీరియా వ్యాధులకు 27 శాతం, హెచ్.ఐ.వి.కి 15 శాతం, ప్రయాణ, ఉష్ణమండల వ్యాధులకు 5 శాతం చోటు ఉంది. మా తరగతుల్లో మలేరియా, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్‌లకు కలిపి అయిదు ఆదివారాలు పోగా, హెచ్.ఐ.వి.కి ఒక్కటే దక్కింది. ఉష్ణమండల వ్యాధుల మీద గడిపిన కాలాన్ని మాలో ఎవరూ వృథా అనుకోలేదు గానీ, ఒహాయో మిత్రుడు పాపం రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని మాకోసం జరిగిన చర్చనే విన్నాడు. హెచ్.ఐ.వి. తరగతిలో టి.బి. మందుల్లోని రిఫాంపిసిన్‌తో పాటు హెచ్.ఐ.వి. మందు డోలుటెగ్రవిర్ ఇచ్చేటప్పుడు దాన్ని రోజుకు రెండుసార్లు 50 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలన్న విషయం మీద, ఇక్కడి కింగ్ జార్జి ఆసుపత్రి (కె.జి.హెచ్.)లో పని చేసి వచ్చినవారెవరికీ కొత్తగా చెప్పనక్కరలేని సంగతి మీద, అరగంట గడిచింది. మందులకు లొంగకుండా చేసే ఎం184వి, కె103ఎన్ వంటి మ్యుటేషన్లను (వైరస్ జన్యువుల్లో వచ్చే మార్పులను) చదవడం మాకు రాదు, పరీక్షలో అడిగేది అదే, దాన్ని పది నిమిషాల్లో ముగించేశారు. ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ మీద ప్రకటించిన రెండు తరగతుల్లో ఒకటి వక్త గారికి ఎమర్జెన్సీ వచ్చి రద్దయింది, రెండోది మొదటిదానికి బదులుగా జరిగింది. అంటే రెండింటికి ఒకటే.

మాక్ టెస్టుల సంగతి చెప్పుకోవాలి. ప్రశ్నల నాణ్యత బాగుంది, సాఫ్ట్‌వేర్ బాగాలేదు. మూడో మాక్ రోజు మా ఇంట్లో కరెంటు పోయి ఇంటర్నెట్ ఆగిపోతే, గడియారం మాత్రం ఆగలేదు. తిరిగి లోపలికి వెళ్ళేసరికి 18 ప్రశ్నలు ఖాళీగా మిగిలి టెస్టు ముగిసిపోయింది. మళ్ళీ రాసే అవకాశం ఇవ్వమని అడిగితే నియమాలు ఒప్పుకోవన్నారు. అయినా ఈ మాక్‌ల వల్ల ఒక చెడ్డ అలవాటు వదిలింది. తప్పుకు మార్కు పోతుందన్న భయంతో ఏళ్ళ తరబడి తెలియని ప్రశ్నను వదిలేయడం నేర్చుకున్న మేము, కోత లేని పరీక్షలోనూ అలాగే వదిలేస్తున్నామని మొదటి మాక్ ఫలితాల్లో ప్రొఫెసరు గారు లెక్క తీసి చూపించారు. నేను వదిలేసిన 23 ప్రశ్నలకు పక్కన పెన్సిలుతో గీసుకున్న నా ఊహలు తొమ్మిదింటిలో సరైనవే. నీట్ సూపర్ స్పెషాలిటీ రాయబోయేవారికి దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సలహా ఇవ్వాలి, ఇచ్చారు కూడా, కానీ ఇద్దరికీ ఒకే మార్కుల పద్ధతిలో మాక్ పెట్టడం వల్ల వారికి ఆ సలహాను ఆచరించి చూసుకునే వీలు లేకపోయింది.

గది గురించి ఎక్కువ చెప్పను. ఏ.సి. శబ్దం వల్ల రికార్డింగుల్లో వెనుక వరుసవారి మాటలు వినిపించవు. టీ బాగుంటుంది.

నా అభిప్రాయంలో, ఫెలోషిప్ చివరి దశలో ఉండి, వార్డులో తగినన్ని కేసులు చూసి, వాటిని క్రమపద్ధతిలో ఆలోచించడం నేర్చుకోవాలనుకునేవారు ఈ శిక్షణకు నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. ప్రాక్టికల్ పరీక్షలో ఎగ్జామినరు ఎదుట నిలబడి కారణాలతో సహా మాట్లాడటానికి ఇంతకన్నా మంచి సాధన నాకు ఈ ఊళ్ళో దొరకలేదు. నీట్ సూపర్ స్పెషాలిటీ కోసం చేరేవారికి ఇది సరిపోదు, వారికి గుండె, కిడ్నీ, నరాల ప్రశ్నలే ఎక్కువగా ఎదురవుతాయి, ఇక్కడ వాటి ఊసే లేదు. అమెరికా బోర్డు రాసేవారు ప్రశ్నల బ్యాంకు కోసం చేరితే నిరాశపడతారు. ఆదివారం చర్చల కోసమైతే, నిద్ర మానుకునే ఓపిక ఉంటే, చేరవచ్చు. నా మిత్రుడు వచ్చే విడతకు కూడా పేరు ఇచ్చాడు. అయితే ఈసారి బ్యాంకు లేకుండా తరగతులకు మాత్రమే రుసుము తీసుకోమని అడిగాడు, వారు మొదట కుదరదన్నా తర్వాత ఒప్పుకున్నారు.

ఈ వెసులుబాటు ఉన్నట్టు వారి కరపత్రంలో ఎక్కడా లేదు, కనుక చేరబోయేవారు నోరు తెరిచి అడగాలి. అడిగేటప్పుడే మరో రెండు విషయాలు తేల్చుకోవడం మంచిది: రద్దయిన తరగతికి బదులు మరో తరగతి ఇస్తారా లేదా, మాక్ మధ్యలో కనెక్షన్ పోతే ఏం చేస్తారు. జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. నేను నోటిమాట తీసుకుని మెట్లు దిగాను.